బూడిదలో ఆరిన పట్టీ

ఒకే రేకు, ఒకే కొలిమి, ఒకే చేయి. అయినా పడవ చుక్కానిని పట్టి ఉంచే రెండు అల్యూమినియం పట్టీల్లో పైదానికి తెల్లటి పొడి రేగి, అంచున పగులు పుట్టి, గోదారి నడుమ విరిగిపోయింది. కిందిది చెక్కుచెదరలేదు. దైవం అలా రాశాడా, మనం చేసిన పనిలోనే తేడా ఉందా? పడవ యజమాని వెంకటప్పయ్యను ఈ సందేహం ఏళ్లుగా వదల్లేదు.

ఆ శ్రావణంలో ఒక ఉదయం, పైదాని బదులు వేయించిన పట్టీ కూడా పగిలి కనిపించింది. రేవులో భీమ్లా, జ్వరంతో ఒళ్లు తెలియని తల్లి జమ్లిని మంచం మీద తండా నుంచి మోయించుకొచ్చి నిలబడి ఉన్నాడు. దవాఖానా అవతలి ఒడ్డున ఉంది. నీళ్లు పెరుగుతున్నాయి.

“జల్దీ చెయ్యి లచ్చన్నా! అమ్మ పలుకుతలేదు.”

కమ్మరి లచ్చయ్య కొత్త పట్టీకి సబ్బు రాసి కొలిమిలో పెట్టాడు. ఈ లోహం ఎర్రబడదు, ఉన్నట్టుండి కరిగిపోతుంది. తగినంత కాగిందనడానికి సబ్బు నల్లబడటమే గుర్తు. వంచి, పటకారుతో ఊక బూడిద కుప్ప వైపు తిప్పాడు. మెల్లగా చల్లారాలి, ఇనుముకైతే అదే పద్ధతి.

వెంకటప్పయ్యకు అప్పుడు తట్టింది. కింది పట్టీ ఆనాడు పటకారులోంచి జారి నీళ్ల తొట్టిలో పడింది. పగిలినవి రెండూ బూడిదలో ఆరినవే.

“ఆగు లచ్చయ్యా! నీళ్లల్ల వెయ్యి.”

“ఏందయ్యా గట్లంటవ్? నీళ్లల్ల ముంచితే పెళుసైతది. కత్తులు చేసెటోన్ని, నాకే చెప్తవా?”

“ఇది కత్తి కాదు. నీ చేయి జారింది బతికింది. నువ్వు పడుకోబెట్టినవి రెండూ పోయినయ్.”

లచ్చయ్య పటకారును తొట్టి వైపు తిప్పాడు. “విరిగితే నా పేరు చెప్పకు” అంటూ తొట్టిలో వేశాడు. చుయ్యిమంది.

నడి గోదారిలో సుడి చుక్కానిని ఒక్క గుంజు గుంజింది. భీమ్లా తల్లి మంచాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. వెంకటప్పయ్య రామనామం మధ్యలో ఆపి పట్టీని తడిమాడు. కొద్దిగా వంగింది. ఎక్కడా చీలిక లేదు. కింది పట్టీ కూడా కొత్తలో ఇలాగే మెత్తగా ఉండేది; ఇదీ నాలుగు రోజులు పోతే గట్టిపడుతుందేమో. పడవ ఒడ్డు తాకింది.

జమ్లి కోలుకుని తండాకు తిరిగొచ్చాక, వెంకటప్పయ్య భీమ్లాను ఇంటికి పిలిచాడు. మొదటి పట్టీ విరిగి పడవ కొట్టుకుపోయిన నాడు, తడిసి వణుకుతున్న తనకు జొన్నరొట్టె పెట్టింది ఆ తండాయే. ఇన్నేళ్లలో వాళ్లెవరినీ తన వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టలేదు.

“మీ ఇంట్ల తినాల్నంటే పట్టీలు రెండు విరగాలెనా అయ్యా?” అన్నాడు భీమ్లా.

“అవ్, మావి జర మొద్దు బుర్రలు” అంది భార్య రాఘవమ్మ, విస్తరి వేస్తూ.

వెంకటప్పయ్య తన విస్తరి కూడా భీమ్లా పక్కనే వేయించుకుని కూర్చున్నాడు.