వెనక మోగిన గిలక్కాయ

నేను ఒక గిలక్కాయని. అంకుడు కర్ర ఒళ్ళు, ఎర్ర లక్క రంగు, కడుపులో పదకొండు గులకరాళ్ళు. ఏటికొప్పాకలో నన్ను చేసిన ముసలాయన ఒక్కసారి ఊపి చూస్తే, ఏటి అవతల మేస్తున్న గేదెలు పాలు చేపేశాయి. నమ్మకపోతే గేదెల్నే అడగండి.

అమ్మవారి జాతరలో సన్యాసమ్మ నన్ను కొని మనవరాలి ఉయ్యాలకి కట్టింది. ఆ పాప కడుపులో ఉండగా, కోడలు నూకరత్నానికి మూడో నెలలో ఒంటినిండా ఎర్రగా పేలితే, అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టిన మనిషి ఈవిడే. "నర్సమ్మకి చెప్పకే. మందు పడితే తల్లికి కోపమొస్తాది" అందట. మూడు రోజుల్లో దద్దులు పోయాయి. అందరూ దండం పెట్టుకుని మరిచిపోయారు. మరిచిపోవడంలో మనుషులు మహా గట్టివాళ్ళు.

పాప నన్ను చూస్తే కాళ్ళూ చేతులూ ఆడించేది. అదంతా నా మోత గొప్పే అనుకుని తెగ మురిశాను. పాపకి ఎనిమిదో నెలలో అంగన్‌వాడీ టీచరు వరహాలమ్మ వచ్చింది. దద్దుల సంగతి విని నన్ను ఉయ్యాల నుంచి విప్పింది.

"ఎదురుగా ఊపితే ఎరుపు చూసి నవ్వుతాది పిన్నీ. వెనక ఊపి చూద్దాం."

ఊపింది. పాప తిరగలేదు. గట్టిగా ఊపింది. పాప ఆవలించింది.

"నిద్రొస్తందేమోనే" అంది సన్యాసమ్మ.

"అది రుబెల్లా అయ్యుంటాది. తల్లికి మూడు రోజులే, కడుపులో బిడ్డకి చెవులు దెబ్బతింటాయి. కళ్ళూ గుండే కూడా చూపించాలి. రేపే బయల్దేరండి."

వినని బిడ్డ ముందు ఇన్నాళ్ళూ మోగానా?

పెద్దాసుపత్రిలో గుండె బాగుందన్నారు, కళ్ళు బాగున్నాయన్నారు, చెవులకి మిషన్లు పెట్టారు. పనిచేస్తాయో లేదో కొన్నాళ్ళు చూడాలన్నారు. చూడ్డానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. సన్యాసమ్మ నన్ను బియ్యం డబ్బాలో దాచేసింది.

మూడు వారాలకి నూకరత్నమే నన్ను బయటికి తీసింది. పాప వెనక కూర్చుంది. ఊపలేదు, మెల్లగా పైకెత్తిందంతే. నేను చిన్నగా గలగలమన్నాను.

పాప కాలు ఆడించడం ఆపింది. మెల్లగా తల తిప్పి, నా వైపు చూసి బావురుమంది.

సన్యాసమ్మ గోడకి చేరబడి, "ఇంకోసారి ఊపవే" అంది.

నూకరత్నం ఊపలేదు. రెండోసారి తిరక్కపోతేనో. నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ పిడికిట్లోనే ఉన్నాను, మోగకుండా.