అత్తగారి స్పోర్ట్స్ కారుకు ఇన్సూరెన్స్

ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన నాలుగు నెలలకు, ఒక గురువారం ఉదయం, ఆవిడ స్పోర్ట్స్ కారు కొనుక్కుని ఇంటికి వచ్చింది. వచ్చింది మాత్రం బస్సులోనే. కారు ఊరి చివర, దాన్ని అమ్మినాయన షెడ్డులో ఉండిపోయింది. ఇన్సూరెన్స్ లేకుండా దాన్ని రోడ్డెక్కించడానికి వీల్లేదు మరి.

వంటింట్లో కోడలు కాఫీ తాగుతూ కూర్చుని ఉంది. ఆ అమ్మాయి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మిగిలిపోయిన సెలవులు వాడుకుంటూ ఆ వారం ఇంట్లోనే ఉంది. అత్తగారు ఆమె కప్పు పక్కన ఒక తాళంచెవి పెట్టి, ఏమీ ఎరగనట్టు ఎదురుగా కూర్చుంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"తాళంచెవి."

"అది కనబడుతూనే ఉంది. దేనిది?"

అత్తగారు ముందుకు వంగి, గుసగుసగా చెప్పింది. కొడుకు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పక్క గదిలోనే పడుకున్నాడు. అందుకని ఆ ఇంట్లో అంత పెద్ద కబురు అంత చిన్న గొంతుతో బయటపడింది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, మడతపెట్టే టాపు, ఇరవై రెండేళ్ళ బండి. గడియారాలు బాగుచేసే పెద్దాయనది. ఆయన చాలా ఏళ్ళు ఆవిడ నడిపిన తొమ్మిదో నంబరు బస్సులో మొదటి సీట్లో కూర్చుని దుకాణానికి వెళ్ళొచ్చేవాడు. ఇప్పుడు మోకాళ్ళు వంగక ఆ కిందికుండే సీట్లో కూర్చోలేకపోతున్నాడు. ఆదివారం కూతురి ఊరికి వెళ్ళిపోతున్నాడు, షెడ్డు కూడా ఖాళీ చేసి అప్పజెప్పాలి. ఎవరో కుర్రకారు చేతిలో పెట్టడం ఇష్టంలేక ఈవిడకు సగం ధరకే ఇచ్చేశాడు.

కోడలు తాళంచెవి చేతిలోకి తీసుకుంది. ఒకటే మాట అడిగింది.

"నన్నెప్పుడు ఎక్కిస్తారు?"

"ఆదివారంలోపు ఇన్సూరెన్స్ దొరికితే, ఎప్పుడంటే అప్పుడే."

అదెంతసేపు పని అనుకున్నారిద్దరూ. కోడలు ల్యాప్‌టాప్ తెరిచి మొదటి కంపెనీ ఫారం నింపడం మొదలుపెట్టింది. వయసు అరవై ఒకటి. లైసెన్స్ తీసుకుని ముప్పై తొమ్మిదేళ్ళు. కారు ఎక్కడ పెడతారంటే ఇంటి కింద తాళమున్న గ్యారేజీలో. అంతవరకు బాగానే నడిచింది. ఆ తర్వాత, మీ సొంత పేరుతో ఎన్నేళ్ళుగా వాహన బీమా ఉంది అన్న ప్రశ్న వచ్చింది.

"సున్నా," అంది అత్తగారు. "నాకు సొంత బండెక్కడిది? డిపోదాకా నడిచే వెళ్ళేదాన్ని."

కోడలు సున్నా కొట్టింది. తెరమీద వచ్చిన అంకె చూసి, పొరపాటున ఎక్కడో ఎక్కువ నొక్కానేమోనని మొత్తం మళ్ళీ నింపింది. అదే అంకె వచ్చింది. అత్తగారి పెన్షన్ ఎనిమిది నెలలు అటే పోతుంది. రెండో కంపెనీ పది నెలలది అడిగింది. మూడోది మర్యాదగా క్షమించమంది.

"ఏం పాపం చేశానని?"

"వీళ్ళ లెక్కలో మీరు నిన్న లైసెన్స్ తీసుకున్న పిల్లతో సమానం, అత్తయ్యా. పిల్ల చేతికి స్పోర్ట్స్ కారిస్తే ఎంత అడుగుతారో అంతే అడుగుతున్నారు."

"మరి ఇరవై ఏడేళ్ళు నేను నడిపిందేంటి, తోపుడుబండా?"

"ఆ బస్సుల బీమా అంతా సిటీ బస్సుల సంస్థ పేరున ఉంది. మీ పేరున చీమంత కాగితం కూడా లేదు."

అత్తగారికి ముందు నవ్వొచ్చింది. పక్క గది గుర్తొచ్చి చీర కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. నవ్వు అయ్యాక ఒళ్ళు మండింది. ఫోను అందుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం దాకా ఏడు చోట్లకు ఫోన్ చేసింది. నాలుగు చోట్ల రికార్డు చేసిన గొంతులే పలికాయి. ఒక ఏజెంటు, ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి మాత్రం పాలసీ తీసుకోండి, చౌకలో అయిపోతుందన్నాడు.

"నా కారు మీద చెట్టు పడితేనో?"

"అది మీరు చూసుకోవాలమ్మా."

"దాన్ని నేను చూసుకోగలిగితే నీకు ఫోనెందుకు చేస్తాను, నాయనా?"

సాయంత్రానికి ఆవిడ మొహం వాడిపోయింది. కారును లారీ మీద ఎక్కించి తెచ్చుకుని, గ్యారేజీలో పెట్టి, తర్వాత చూసుకోవచ్చు కదా అని కోడలు మెల్లగా అనబోయింది. "సామానులా మోయించుకుని రావడానికి కొనలేదు," అంది అత్తగారు, అంతటితో ఆ మాట ఆగిపోయింది.

దారి దొరికింది కోడలి బుర్రలోంచే. "అసలు ఆ పెద్దాయన ఇన్నేళ్ళు ఎవరిచేత బీమా చేయించుకున్నారు? అడిగారా?"

అడగలేదు. అంత తేలిక మాట తట్టనందుకు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన వెంటనే చెప్పాడు. పాత కార్లకూ, స్పోర్ట్స్ కార్లకూ మాత్రమే బీమా చేసే చిన్న కంపెనీ ఒకటుంది. రంగుల దుకాణం పైన రెండు గదులు, అందులో నలుగురు మనుషులు. మనిషితో మాట్లాడకుండా ధర చెప్పరు.

ఫోన్ ఎత్తిన ఆఫీసరుది సన్నని, ఆచితూచి పలికే గొంతు. ఆయన అడిగిన ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. ఏడాదికి ఎంత దూరం తిప్పుతారు? వాన పడుతుంటే బయటికి తీస్తారా? ఈ కారే ఎందుకు? చివరిదానికి ఆవిడ కొంచెం ఆలోచించింది.

"ఇన్నాళ్ళూ వెనక అరవైమందిని పెట్టుకుని నడిపానండి. ఒకసారి నాకోసం నడపాలని ఉంది."

అవతల కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినబడింది. "మీ డిపో నుంచి ఉత్తరం తీసుకురండి. మీరెన్నేళ్ళు నడిపారు, ఎన్ని ప్రమాదాలు, అన్నీ అందులో ఉండాలి. అది బాగుంటే శనివారం నేనే షెడ్డు దగ్గరికి వస్తాను. మాట మాత్రం ఇవ్వను."

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికల్లా అత్తాకోడళ్ళిద్దరూ డిపోలో ఉన్నారు. రికార్డుల గుమాస్తా చాలా నిక్కచ్చి మనిషి. కంప్యూటర్లో పదిహేనేళ్ళే ఉన్నాయనీ, అంతకుముందువి రిజిస్టర్లలో వెతకాలనీ, సోమవారం రమ్మనీ చెప్పాడు. అత్తగారు ఆయనతో ఏమీ వాదించలేదు. ఆయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, పైన అరలో ఎడమనుంచి మూడో రిజిస్టరు తీయమంది. గుమాస్తా తీశాడు. తర్వాతది కూడా ఆవిడే చూపించింది. దుమ్ముకు తుమ్ముకుంటూ ముగ్గురూ రెండున్నర గంటలు పేజీలు తిరగేశారు. ప్రమాదాల గడి ఏ పేజీలో చూసినా ఖాళీగానే ఉంది. గుమాస్తా ముచ్చటపడి, అందమైన దస్తూరీతో 'ఒక్క ప్రమాదమూ లేదు' అని రాయబోయాడు.

"ఒకటుంది," అంది అత్తగారు.

కోడలు బల్ల కింద ఆవిడ కాలు తొక్కింది. ఆవిడ లెక్కచేయలేదు.

"మూడో ఏడు. వర్క్‌షాపులో బస్సు వెనక్కి తీస్తుంటే స్తంభానికి తగిలి ఎడమవైపు అద్దం పగిలింది. అప్పటి ఫోర్‌మన్ రాసుకుని ఉండడు. నువ్వు రాయి."

గుమాస్తా తల ఎత్తి ఆవిడను చూసి, కొత్త కాగితం తీసుకున్నాడు. బయటికి రాగానే కోడలు నెత్తి కొట్టుకుంది. "చక్కగా తెల్లగా ఉన్న కాగితం మీద మీరే సిరా పోయించుకున్నారు."

"పోనీలే. రేపు కార్లో వెళ్తూ అద్దం చూసుకున్నప్పుడల్లా గుర్తొస్తే నడపలేను."

శనివారం ఆఫీసరు చెప్పిన సమయానికంటే పది నిమిషాలు ముందే వచ్చాడు. బక్కపలచని మనిషి, చంకలో లావుపాటి ఫైలు. పెద్దాయన షెడ్డు తలుపు తీశాడు. వెలుతురు పడగానే కారు ఆకుపచ్చగా మెరిసింది. కోడలు దాన్ని చూడటం అదే మొదటిసారి. ఆ అమ్మాయి దాని చుట్టూ చెప్పుల చప్పుడు కూడా కాకుండా తిరిగింది.

ఆఫీసరు మోకాళ్ళ మీద కూర్చుని బండి కింద టార్చి వేసి చూశాడు, టైర్ల గాడులు కొలిచాడు, ఇంజన్ నంబరు ఫొటో తీశాడు. డిపో ఉత్తరం రెండుసార్లు చదివాడు. అద్దం సంగతి దగ్గర వేలు ఆగి, మళ్ళీ కదిలింది. తర్వాత ఫైలు మూసి చెప్పాడు.

"ఒక్క గంటకు తాత్కాలిక బీమా రాసిస్తున్నాను. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను."

ఆవిడ సీట్లోకి దిగేసరికి రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టే అనిపించింది. తాళం తిప్పింది. ఇంజన్ గుర్రుమనే సరికి ఆ చప్పుడు సీట్లోంచి వెన్నులోకి పాకి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇరుకు షెడ్డులోంచి కారును వెనక్కి తీయడం మాత్రం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. అటు బెత్తెడు, ఇటు బెత్తెడు సందు వదిలి, ఒక్కసారిలో బయటపెట్టింది.

తప్పు మొదటి మలుపులో జరిగింది. బస్సులో డ్రైవరు ముందు చక్రాలకంటే ముందు కూర్చుంటుంది. మలుపు వచ్చినా ఇంకాస్త ముందుకు పోయి, అప్పుడు తిప్పాలి. ఆవిడ అలవాటుకొద్దీ అలాగే పోయింది. కారు రోడ్డు అవతలి అంచుదాకా వెళ్ళి తిరిగింది. ఆఫీసరు తలుపు పిడి పట్టుకున్నాడు.

"ఇక్కడ చక్రాలు నా ముందున్నాయి కదా, మరిచిపోయాను. ఇంకోసారి జరగదండి."

జరగలేదు. రెండో మలుపు గీత గీసినట్టు తిరిగింది. నాలుగో మలుపుకి ఆవిడకు బండి ఆనుపానులన్నీ తెలిసిపోయాయి. ఇళ్ళు దాటి, ఖాళీ రోడ్డు మీదికి వచ్చాక ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"కొంచెం తొక్కండి."

"ఇక్కడ ఎనభై దాటకూడదండి."

"దాటొద్దు. ఎనభైకి ఎంతసేపట్లో చేరుకుంటారో చూడాలి."

ఆవిడ గేరు దించి యాక్సిలరేటర్ మీద కాలు అదిమింది. ఇన్నేళ్ళూ పదమూడు టన్నులను బతిమాలి బతిమాలి కదిలించిన కాలది. ఈ కారు అడగకముందే పరిగెత్తింది. వీపు సీటుకు అతుక్కుంది, చెట్లు వెనక్కి దూకాయి. ముల్లు ఎనభైని తాకగానే పాదం తేలికైపోయి అక్కడే నిలబెట్టింది. ఆవిడకు తెలియకుండానే పెదవులు చెవులదాకా సాగాయి. ఆఫీసరు చూస్తున్నాడని తెలిసినా మూతి బిగించుకోవడం చేతకాలేదు.

ముందు సిగ్నలు ఎర్రబడింది. ఆవిడ ఆపింది. ఆఫీసరు తన ఒళ్ళోకి చూసుకున్నాడు. ఫైలు మీద విడిగా పెట్టిన కలం పెట్టినచోటే ఉంది.

"ఎక్కడ బ్రేకు వేశారో నాకు తెలియలేదు."

"బస్సులో నిలబడ్డవాళ్ళుంటారండి. చంకలో పిల్లలు, చేతుల్లో సంచులు. బ్రేకు వేసినట్టు వాళ్ళకు తెలియకూడదు."

షెడ్డు దగ్గర కోడలు గుమ్మంలో కాలు నిలవక పచార్లు చేస్తోంది. కారు ఆగగానే అత్తగారి మొహం చూసింది, తర్వాత ఆఫీసరు మొహం చూసింది. ఆ రెండోదాంట్లో ఏమీ తెలియలేదు. ఆయన బానెట్ మీద రుమాలు పరిచి, దానిమీద కాగితాలు పెట్టుకుని లెక్కలు వేశాడు. ఆఫీసుకు ఫోన్ చేసి, అటు తిరిగి మాట్లాడాడు. "అవును, నేనే కూర్చున్నాను... లేదు, అవసరం లేదు" అన్న ముక్కలు మాత్రం వినబడ్డాయి. తర్వాత ఒక అంకె రాసి కాగితం ఇటు తిప్పాడు.

రెండు నెలల పెన్షన్.

"ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లకు ఒప్పుకుంటే ఇంకా తగ్గుతుంది. కారు తాళమేసిన గ్యారేజీలో పెట్టాలి. దొంగలెత్తుకుపోతే జాడ తెలిపే పరికరం నెలలోపు పెట్టించాలి."

"ఒప్పుకున్నాను," అంది ఆవిడ. ఆయన అంకె కొట్టేసి దిగువన ఇంకొకటి రాశాడు. నెలన్నర. కోడలు అత్తగారి చేయి గట్టిగా పట్టుకుంది.

"వేరే ఎవరైనా నడుపుతారా? పేరు రాయాలి. ఈ అమ్మాయికి ముప్పై నిండలేదు కాబట్టి కొంచెం పెరుగుతుంది."

అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని ఊపిరి బిగపట్టి ఉంది. ఆవిడకు జాలేసింది. అయినా మనసులో మాటే చెప్పింది.

"వచ్చే ఏడు రాయిస్తానే అమ్మాయ్. ఈ ఒక్క ఏడూ నా ఒక్కదాని పేరే ఉండనీ."

కోడలు ఒక్క క్షణం మూతి ముడిచి, ఆ వెంటనే ఫక్కున నవ్వింది. "మాట తప్పితే మీ కట్టుడు పళ్ళు నా చేతిలో ఉంటాయి, గుర్తుంచుకోండి."

సంతకాలయ్యాయి. ఆఫీసరు ఫైలు సర్దుకుని, వెళ్ళబోతూ ఆగి, వచ్చే ఏడాది తనిఖీకి కూడా తనే వస్తానన్నాడు. పెద్దాయన కారు పైకప్పు మీద ఒకసారి చెయ్యి ఆనించి, ఇక వెళ్ళమన్నట్టు తలూపాడు.

టాపు మడిచి బయల్దేరారు. గాలికి కోడలి జుట్టు రేగి నోట్లోకి పోతోంది, అయినా మాట ఆపడంలేదు. ఈ మలుపు ఇంకోసారి తిరగండి, ఆ వంతెన మీదనుంచి పోదాం, అదిగో ఆ పాప చెయ్యి ఊపుతోంది చూడండి. అత్తగారు అన్నిటికీ సరేనంది. నలభై నిమిషాల దారికి గంటన్నర పట్టింది. అయిదు వేలలో అప్పుడే యాభై అయిపోయాయని కోడలు హెచ్చరించింది. కానీలేవే, అంది ఆవిడ.

ఇంటిముందు కారు ఆగిన చప్పుడుకి కొడుకు నిద్రమొహంతో కిందికి దిగొచ్చాడు. వాళ్ళు సంగతంతా చెప్పినా అంతవరకు అతను పూర్తిగా నమ్మలేదు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇన్సూరెన్స్ ఎంత పడిందని అడిగాడు. చెబితే నమ్మక కాగితం తీసుకుని చదువుకున్నాడు. తర్వాత భార్య దిగిన సీట్లో కూర్చోబోయాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మెడ వంచి ఎలాగో ఇమిడాడు.

"దిగుతావా?" అంది తల్లి.

"దిగను. పోనీ అమ్మా."

ఆవిడ అద్దం సరిచేసుకుంది. "అయితే తలుపేసుకో," అంది.