గొట్టంగాడి గాలి కబుర్లు

నేను ఒక గొట్టాన్ని. నవ్వకండి. మీకు ఎవరినైనా తీసిపారేయాలనిపిస్తే "వాడో పెద్ద గొట్టంగాడు" అంటారు చూశారా, ఆ గొట్టంగాణ్ణి నేనే. పొయ్యి ఊదుకునే గొట్టమైనా కొంత నయం, ఈ చివర ఊదితే ఆ చివర గాలి వస్తుందన్న నమ్మకం ఉంటుంది. నా దగ్గర అదీ లేదు. ఏసీ మిషను ఇచ్చిన చల్లగాలిని ఇంట్లోని గదులకు చేరవేసే రేకు గొట్టాన్ని నేను. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు డక్టు అని మర్యాదగా పిలుస్తారు. విజయవాడలో ఒక ఇంటి ఫాల్స్ సీలింగు పైన వెల్లకిలా పడుకుని ఉంటాను. ఇక్కడి గాలిని అక్కడ దించి రావడం తప్ప నాకు ఇంకో పని లేదు. పదకొండేళ్ళపాటు ఆ ఒక్క పనీ నేను సరిగ్గా చేయలేదు. చేయడం లేదన్న సంగతి నాకు కూడా తెలియదు.

ఆటోనగర్లో ఒక షెడ్డులో పుట్టాను. నన్ను మలిచిన సన్యాసిరావు అంతకుముందు బస్సులకు బాడీలు కట్టేవాడు. చెక్క సుత్తితో నా అంచులు మడుస్తూ, "అదే రేకు బస్సుకి వేస్తే ఊళ్ళు తిరిగేది. నువ్వు పోయి అటక మీద తొంగుంటావు" అని నన్ను చూసి జాలిపడేవాడు. నేను మాత్రం చల్లదనాన్ని పంచిపెట్టడానికి పుట్టానని తెగ మురిసిపోయాను. రేకుకు బుర్ర ఎక్కడుంటుంది లెండి.

నన్ను కొన్నది ఒక కాంట్రాక్టరు. కొత్త ఇంట్లో గదికో ఏసీ పెట్టుకుంటే అందరిలాంటివాడినైపోతానని ఆయన భయం. అందుకని ఇల్లంతటికీ ఒకటే మిషను, దాని నుంచి అన్ని గదులకూ నేను. గృహప్రవేశం పొద్దున తొమ్మిదీ పన్నెండుకు. ఎనిమిదింటికి కూడా ఫిట్టరు సీలింగు పైనే ఉన్నాడు. కాంట్రాక్టరు పట్టుపంచె ఎగ్గట్టుకుని నిచ్చెన కింద నిలబడి కేకలు.

"ఏవయ్యా, అవతల పంతులుగారు పీటల మీద కూచున్నారు. అయిందా, లేదా?"

"ముక్కలు దూర్చానండీ. జాయింట్లకి ఇంకా స్క్రూలు బిగించి బంక పుయ్యాలండీ. ఇంకో పూట..."

"పూటేంటయ్యా! ముహూర్తం పోతే నువ్వు తెస్తావా? ముందు గాలి రానీ. బంకలూ గింకలూ తర్వాత చూసుకుందాం."

ఫిట్టరు అటూ ఇటూ చూశాడు. గుమ్మాలకు కట్టగా మిగిలిన మామిడాకుల తోరణం ఒకటి నిచ్చెనకు వేలాడుతోంది. దాన్ని ఆకులతో సహా లాగి, నా నడుము దగ్గరి పెద్ద జాయింటు చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడేశాడు. పైన టేపు చుట్టాడు. సీలింగు మూసేశారు. ఆ 'తర్వాత' మళ్ళీ రాలేదు.

మిషను ఆన్ చేయగానే చల్లగాలి నాలోంచి పరిగెత్తింది. "ఊటీలో ఉన్నట్టుందండీ!" అన్నారెవరో. ఆ పొగడ్తకు ఒళ్ళు పొంగి 'డబ్' మని చప్పుడు చేశాను. గాలి తోసినప్పుడు రేకు చేసే చప్పుడే అది, గొప్పేమీ కాదు. నేను మాత్రం అది నా గుండె చప్పుడని చాలాకాలం చెప్పుకున్నాను.

రెండు వేసవులకు టేపు ఎండి పెళుసయింది. మామిడాకులు పొడిపొడిగా రాలాయి. ఆకులు పోవడంతో తాడు వదులైంది, తాడు వదులయ్యేసరికి జాయింటు జారి రెండు వేళ్ళ సందు పడింది. ఇక నా నోట్లో నువ్వుగింజ నానలేదు. మిషను చల్లబరిచి ఇచ్చిన గాలిలో సగం అక్కడే సీలింగు పైకి పోసేసి, మిగతా సగంతో ముందుకెళ్ళేవాణ్ణి. నా సేవ వల్ల ఆ ఇంట్లో సుఖపడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే అక్కడి బల్లులే. మే నెల విజయవాడలో అవి ఒకదానికొకటి ఆనుకుని వణికేవి. నేనేమో గదులన్నీ నావల్లే చల్లబడుతున్నాయని ధీమాగా పడుకుని ఉండేవాణ్ణి.

కాంట్రాక్టరు అంతకంటే పెద్ద ఇల్లు కట్టుకుని దీన్ని అమ్మేశాడు. కొన్నవాళ్ళు నలుగురు. భానుప్రకాశ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాడు. భార్య సుభాషిణి స్కూల్లో సైన్సు టీచరు. భాను తల్లి శేషారత్నమ్మగారు. వాళ్ళ పాప ధాత్రికి ఆరేళ్ళు. ఆ ఇంటిని వాళ్ళు గోడలు చూసి కొనలేదు, హాలు చూసి కొనలేదు. నన్ను చూసి కొన్నారు. చెబితే మీకు మళ్ళీ నవ్వొస్తుంది, కానీ నిజం.

ధాత్రికి చెమట పట్టదు. పుట్టుకతోనే చెమట గ్రంథులు లేవట. మనుషులు చెమట పడుతోందని విసుక్కుంటారు గానీ, ఒంట్లో వేడి బయటికి పోయేది ఆ దారిలోనేనట. ఆ దారి లేని పిల్లకు ఎండాకాలం ఇంట్లో కూర్చున్నా జ్వరమొస్తుంది, ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. మెడ చుట్టూ తడి తువ్వాలుతో, చేతిలో మంగలి షాపుల్లో నీళ్ళు చల్లే సీసాతో తిరిగేది. వేడెక్కినప్పుడల్లా తన ముఖం మీద తనే నీళ్ళు కొట్టుకునేది. మధ్యలో నాయనమ్మ ముఖం మీదా కొట్టి పకపకా నవ్వేది.

ఇల్లంతా చల్లగా ఉంటే పిల్ల గదిలో బందీలా పడి ఉండక్కర్లేదని ఆ ఇల్లు కొన్నారు. తన గది నా వరసలో చిట్టచివరిది. గదుల్లోకి గాలి దిగే జాలీల గుండా నాకు అన్ని గదులూ కనబడతాయి, వినబడతాయి. మొదటిరోజే ధాత్రి మంచమెక్కి జాలీకి ముఖం ఆనించి చూసింది.

"అమ్మా, దీనికి నిద్రొస్తోందే. గాలి ఊదట్లేదు, ఆవలిస్తోంది."

నాకు చెడ్డ కోపమొచ్చింది. లోపం మిషనులో ఉంటుంది, నాలో ఎలా ఉంటుంది? వాళ్ళూ అలాగే అనుకున్నారు. మెకానిక్కులొచ్చి గ్యాసు నింపారు, ఫిల్టరు కడిగారు, ఏవో బోర్డులు మార్చారు. నన్నెవరూ తట్టి కూడా చూడలేదు. గొట్టానికేం రోగం, గాలి పోయేదే కదా అన్నాడొకడు. ఎంత బాగా చెప్పాడని సంబరపడ్డాను.

ఇక పూజగది సంగతి. హాలుకీ ధాత్రి గదికీ నడుమ చిన్న అరలా ఉంటుంది. సరిగ్గా నా ఊడిన జాయింటు కింద. గంట వేలాడదీయడానికని దాని సీలింగులో కన్నం పెట్టారు, గంట మాత్రం కట్టలేదు. నేను పైన ఒలకబోసిన గాలి ఆ కన్నంలోంచి దిగి దీపపు కుందె మీద పడేది. శేషారత్నమ్మగారు దీపం పెట్టి రెండు శ్లోకాలు చదివేలోపు దీపం కొండెక్కేది. మన ఇళ్ళలో దీపం 'ఆరింది' అనరు కదా, 'కొండెక్కింది' అంటారు. ఆ మాట ఆవిడ రోజుకు నాలుగుసార్లు అనేది.

"తలుపులు మూశాను, ఫ్యానన్నది లేదు. దీపం కొండెక్కడమేమిటే సుభాషిణీ? ఒంట్లో బాగోని పిల్లున్న కొంపలో!"

"వత్తి తడిగా ఉందేమో అత్తయ్యా" అని కోడలు స్కూలుకు పరిగెత్తేది.

ఆవిడ మనసు ఆగలేదు. వాస్తు చూసే ఒకాయన్ని పిలిపించింది. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, ధాత్రి గదిలో ఆగాడు. "ఇది ఆగ్నేయం. అగ్ని స్థానంలో చల్లగాలి ఊదుతుంటే దీపం ఎలా నిలుస్తుందమ్మా? ఈ మూల గాలి తగ్గించండి" అన్నాడు. శేషారత్నమ్మగారు నూనె ప్యాకెట్ల అట్టపెట్టె చింపి, ఆ జాలీని సగానికి మూసేసింది. అప్పుడు కొడుకూ కోడలూ ఇంట్లో లేరు.

చివర మూసుకునేసరికి నాలో గాలికి దారి లేక, ఊడిన చోటునుంచి ఇంకా ఎక్కువ పోయింది. దీపం అంతకుముందుకంటే తొందరగా కొండెక్కింది. మధ్యాహ్నం రెండింటికి ధాత్రికి నూటనాలుగు జ్వరం. తడి దుప్పట్లో చుట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాయనమ్మ ఒక్కతే తిరిగొచ్చి, స్టూలెక్కి ఆ అట్టముక్కను పీకింది. "నా చేత్తో నేనే మూశాను కదే తల్లీ" అని దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను పైనుంచి వింటూ, తప్పు మిషనుదీ కాదేమో, వాస్తుదీ కాదేమో అని మొదటిసారి అనుమానపడ్డాను. అయినా నాదని మాత్రం అనుకోలేదు. అంత బుద్ధి ఉంటే గొట్టాన్ని ఎందుకవుతాను?

నాలుగు రోజులకు పిల్ల ఇంటికొచ్చింది. సుభాషిణి నిర్ణయం చెప్పేసింది. ధాత్రిని ఊటీ కొండల మీది కూనూరులో తన అక్క దగ్గర వదిలి, అక్కడే స్కూల్లో వేయాలి. సెలవులకు కాదు, ఇక అక్కడే. చెబుతున్నంతసేపూ ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. ధాత్రి మాత్రం పరుగున పూజగదికి వెళ్ళింది.

"నాయనమ్మా, నీకు తెలుసా? నేను కూడా కొండెక్కుతున్నాను!"

శేషారత్నమ్మగారి చేతిలోంచి నూనె సీసా జారింది. "ఛ, ఛ! ఆ మాట అనకమ్మా, అనకు" అంటూ పిల్ల నోరు మూసి, దగ్గరికి లాక్కుంది. ఏమన్నానో తెలియక పిల్ల బిక్కమొహం వేసింది. నా పదకొండేళ్ళ సేవకు ఫలితం అదీ.

రైలు శనివారం. శుక్రవారం పొద్దున్నే భాను నాగుల్ మీరా అనే పాతకాలపు మెకానిక్కును పిలిచి, "ఈ గొట్టం ఏసీ పీకి పట్టుకుపోండి. పిల్లకు పనికిరానిది మాకెందుకు" అన్నాడు. నా రేకు చల్లబడింది, అదీ మిషను ఆపి ఉండగానే. సన్యాసిరావు షెడ్డు పక్కన తుక్కు గుట్ట ఉండేది. అది గుర్తొచ్చింది.

నాగుల్ మీరా పీకేముందు ఒకసారి మిషను ఆన్ చేసి వింటూ నిలబడ్డాడు. పూజగదిలో శేషారత్నమ్మగారు అగరొత్తులు వెలిగించింది. పొగ జానెడు పైకి లేచి, ఎవరో నెత్తిన మొట్టినట్టు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. దీపం కొండెక్కింది. ఆయన ఆ పొగవంకా, పైన కన్నంవంకా చూశాడు.

"గాలి ఇక్కడ పట్టుకుందమ్మగారూ."

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను నాయనా, ఈ ఇంటికి గాలి పట్టిందని! ఇంతకీ ఆడగాలా, మగగాలా?"

"ఏసీ గాలమ్మా! ఆ ఒత్తుల కట్ట ఇలా ఇవ్వండి."

నిచ్చెన వేసి పైకొచ్చాడు. అగరొత్తులు నా ఒంటి వెంట నెమ్మదిగా తిప్పాడు. పొగ చెదిరిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టాడు. పదకొండు సున్నాలు! నా జీవితానికి వచ్చిన మార్కులు అవే. నడుము దగ్గరికి వచ్చి టార్చి వేసి, పెద్దగా నవ్వాడు.

"సార్, ఇలా రండి! ఎవడో మహానుభావుడు డక్టుకి తోరణం కట్టాడు."

ఎండిన తాడు, దాన్ని పట్టుకుని వేలాడే రెండు ఈనెలు. సగం గాలి సీలింగులోకే పోతోందని, అందుకే చివరి గది చల్లబడడం లేదని ఆయన చెబుతుంటే నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఉన్నదే దాక్కునే చోట్లో కదా. ఆ పిల్ల 'ఆవలిస్తోంది' అన్నప్పుడే నిజం చెప్పింది. ఆసుపత్రికి పంపింది అట్టముక్క కాదు, నేను. ఆ మాట ఇక్కడ ఒప్పుకోవడానికే ఇంతసేపు చెప్పుకొచ్చాను.

"పీకెయ్యమంటారా, బాగుచెయ్యమంటారా?" అన్నాడు నాగుల్ మీరా. భాను పెళ్ళాంవంక చూశాడు.

"మధ్యాహ్నం మూడింటికి దాని గది ఇరవయ్యారు డిగ్రీల్లో ఉండాలి. లేకపోతే రేపు రైలెక్కుతాం" అంది సుభాషిణి.

ఆయన జాయింట్లు దగ్గరికి నెట్టి స్క్రూలు బిగించాడు. పాత టేపు గీకేశాడు. డక్టులకు పూసే తెల్లటి బంక కుంచెతో దట్టంగా రాసి, దాని మీద వలలాంటి గుడ్డ చుట్టి, మళ్ళీ బంక రాశాడు. "పుత్తూరు కట్టులా ఉందే" అంది కిందనుంచి శేషారత్నమ్మగారు. బంక పూర్తిగా ఆరడానికి రేపటిదాకా పడుతుందని, ముందు సన్నగా గాలి వదిలి చూద్దామని అన్నాడు. ఆ సన్నగాలితోనే మళ్ళీ అగరొత్తులు తిప్పాడు. పొగ ఎక్కడా బెదరలేదు.

మిషను జోరు పెంచాడు. 'డబ్' మన్నాను, అలవాటుకొద్దీ. ధాత్రి గదిలో జాలీ ముందున్న రంగుల కాగితాలు లేచి మంచం కిందికి పోయాయి. "అమ్మా, ఏసీ నిద్ర లేచింది!" అని పిల్ల అరిచింది. సుభాషిణి సర్దిన సూట్‌కేసు మీద కూర్చుని, గోడమీది థర్మామీటరునే చూస్తోంది. ఒంటిగంటకు ముప్ఫై. రెండుకు ఇరవయ్యెనిమిది. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. నేను ఒక్క చుక్క గాలి కూడా ఒలకకుండా, జీవితంలో మొదటిసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాను. మూడింటికి ఇరవయ్యయిదున్నర. ధాత్రి తువ్వాలు తడపకుండానే నిద్రపోయింది. సుభాషిణి సూట్‌కేసు మీంచి లేచి, దాని జిప్పు లాగి, పిల్ల గౌన్లు ఒక్కొక్కటే బీరువాలో పెడుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం శేషారత్నమ్మగారు దీపం పెట్టింది. ధాత్రి పక్కనే కూర్చుంది. రెండు శ్లోకాలయ్యాయి, నాలుగయ్యాయి. వత్తి నిటారుగా వెలుగుతోంది. ఆ అరలోకి నా గాలి ఇక రాదు కాబట్టి ఉడుకెత్తిపోతోంది. ఆవిడ నుదుటి మీది బొట్టు కరిగి చెంపల మీదికి దిగింది.

"నాయనమ్మా, నీకు చెమట పడుతోంది" అని ధాత్రి నీళ్ళ సీసా ఎత్తింది.

ఆవిడ ఆ చేయి పట్టుకుని ఆపింది. "పట్టనీ తల్లీ. నీ వాటా కూడా నాకే పట్టనీ. నువ్వు నీ గదిలోకి పద, చల్లగా ఉంటుంది."

పైన నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను. ఊపిరి బిగబట్టడం నాకు చేతనైంది ఆ రోజు నుంచే.