కాగితం వెనుకవైపు

దారం విప్పి, గుండుసూదులు పీకి, మడతపడిన అంచులను బొటనవేలితో సాపు చేసి, ఆయన ఆ రోజుకు పదకొండవ కట్టను స్కానింగు బల్ల మీదికి జరిపాడు. సివిల్ కోర్టు రికార్డు గదిలో ఇరవై ఏడేళ్లుగా అటెండరు. అందరికీ బాబాయి. వీపు వంగింది, అరచేతుల గీతల్లో దుమ్ము స్థిరపడిపోయింది. ఉదయం నుంచి ఎడమ భుజం లాగుతున్నది. డాక్టరు దగ్గరికి వెళ్లమని భార్య పోరితే, ఈ బీరువా ఖాళీ అయ్యాక చూద్దామన్నాడు.

తలుపు దగ్గర ఒక స్త్రీ ఆయాసపడుతూ నిలబడింది. బట్టలు కుట్టి బతికే మనిషి; మెడలో కొలత టేపు తీయడం కూడా మరచి వచ్చింది.

"బాబాయ్, ఇల్లు ఖాళీ చేయించడానికి మూడింటికి వస్తారంట. స్టే ఉంది కదండీ అంటే, కంప్యూటర్లో ఏమీ లేదు పొమ్మన్నారు."

"ఎవరన్నారు?"

"మీ సూపరింటెండెంటే."

ఆయన కేసు నంబరు అడగలేదు. ముఖం చూడగానే గుర్తొచ్చింది. స్కానింగు అయిపోయి మర్నాడు గోదాముకు తరలించవలసిన కట్టల్లో వెదికి, ఆమె పిటిషను తీసి తిప్పాడు. స్టే ఉత్తర్వు ఆ వెనుకవైపే ఉంది, జడ్జి సంతకంతో సహా. కాగితాలకు కరువున్న రోజుల్లో జడ్జీలు అలాగే రాసేవారు. అది తెలిసి కూడా, యంత్రం రెండు వైపులా చూస్తుందనుకుని ఆయనే ఆ కాగితాలను వరసగా అందించాడు.

"ఒక వైపే తియ్యమన్నారు బాబాయ్, రోజుకు మూడు వేల పేజీలు కావాలంట," అన్నది స్కానింగు చేసే ఆవిడ, తల దించుకుని.

బాబాయి తీసుకెళ్లి చాపినా, సూపరింటెండెంటు కాగితం అందుకోలేదు. "మళ్లీ పాత పురాణం విప్పావా బాబాయ్? సర్వర్లో లేనిది లేనట్టే."

"సర్వరుకు మనం చూపిస్తే గదా బాబూ! మీరన్నా తిప్పి చూడండి. దానికి కరెంటు కూడా అక్కర్లేదు."

సూపరింటెండెంటు కాగితం తీసుకుని తిప్పాడు. సంతకం రెండుసార్లు చూశాడు. దాన్ని పట్టుకుని జడ్జిగారి గదిలోకి నడిచాడు.

రెండున్నరకు ముద్ర వేసిన నకలు ఆమె చేతికొచ్చింది. ఏదో చెప్పబోయింది.

"తర్వాత చెబుదువుగాని, ముందు పరుగెత్తమ్మా!"

అన్ని కాగితాలనూ రెండు వైపులా మళ్లీ స్కాన్ చేయాలని జడ్జి ఆదేశించారు. ఆ గుమ్మంలోనే అంతకు ముందు పొమ్మనిపించుకున్నవాళ్లు ఎందరో మాత్రం ఎవరూ అడగలేదు.

బాబాయి మొదటి కట్ట ముందుకు వచ్చి కూర్చున్నాడు. నాలుగింటికి స్కానింగు ఆవిడ టీ తెచ్చింది.

"ఏం బాబాయ్, ఇంత ఘనకార్యం చేసి కునుకు తీస్తున్నారా?"

ఆయన నుదురు కట్ట మీద ఆనివుంది. తొమ్మిది కాగితాలు తిరగేసి ఉన్నాయి. పదవది వేళ్ల మధ్య ఉంది. ఆమె భుజం తట్టింది. మళ్లీ తట్టింది. టీ గ్లాసు నేల మీద పెట్టి, వసారాలోకి పరుగెత్తింది.

ఆయనను తీసుకుపోయాక గదికి తాళం వేశారు. కాగితాలు తిప్పడానికి వేలు తడుపుకునే స్పంజి గిన్నె బల్ల మీదే ఉండిపోయింది. స్పంజి నడుమ, వేలు అద్దిన చోట పడిన గుంట ఇంకా తడిగా ఉంది.