వీపు వెనక గిన్నె

గుడ్డు ఇంకాస్త మెత్తగా చిదమాల్సింది, ముక్కలు పెద్దవైతే వాడు వాటినే ఏరుకుని అన్నం వదిలేస్తాడు, కానీ ఇప్పుడు గిన్నె నా చేతిలో లేదు, వాణ్ణి పెంచుకుంటానని చూడ్డానికొచ్చిన నర్సమ్మ చేతిలో ఉంది, ఆవిడ వంగి గిన్నె నేల మీద పెట్టి, రా నాన్నా, తిను, అంటూ అక్కడే నిలబడింది, వాడు రంపపు పొట్టు బస్తాల వెనక నుంచి మూతి మాత్రం బయటపెట్టి చూస్తున్నాడు, చూడనీ, చూసి చూసి మళ్ళీ లోపలికే పోనీ, నేనేమీ చెప్పను, అనుకోగానే చెవులు వేడెక్కాయి, నా మనసులో మాట ఎవరికైనా వినబడిందేమోనని అమ్మ వైపు చూశాను, అమ్మ గిన్నెలన్నీ పాత దుప్పటిలో వేసి మూట కడుతోంది, అడితి అమ్మేశారు, ఆదివారం లోపు అందులోని ఈ రెండు గదులూ ఖాళీ చెయ్యాలి, నాన్న ఇన్నేళ్ళూ కలప కోసిన చోట వరసగా దుకాణాలు కడతారట, మాకు దొరికిన వాటా రెండో అంతస్తులో, ఇంటావిడ తాళం చేతికిస్తూ మనుషులు ఎంతమందైనా సర్దుకోండి, కుక్క మాత్రం వద్దు అందట, నాన్న ఆ మాట మోసుకొచ్చి గుమ్మంలో కూర్చుని ఎంతసేపటికీ చెప్పులు విప్పలేదు, చివరికి, ఎవరూ తీసుకోకపోతే సంత దగ్గర వదిలేస్తాను, నాలుగు మెతుకులు దొరక్కపోవు అన్నాడు, మనిషి ఎదురుగా ఉంటే మెతుకు ముట్టని వాడికి సంతలో ఏం దొరుకుతుంది, అది నాన్నకీ తెలుసు, అందుకే ఆ మాట అన్నాక నా మొహం చూడలేదు.

వాడికి కొత్తల్లుడు అని పేరు పెట్టిందీ నాన్నే, వాన పడుతున్న రోజు దుంగల సందులో మూలుగు వినబడితే నాన్న బోర్లా పడుకుని చెయ్యి పెట్టి లాగాడు, మెడ చుట్టూ ప్లాస్టిక్ తాడు చర్మంలోకి దిగిపోయి ఉంది, పిల్లప్పుడెప్పుడో ఎవరో కట్టి ఉంటారు, వాడు పెరిగాడు, తాడు పెరగలేదు, నాన్న రంపపు బ్లేడు ముక్కతో ఒక్కో పోగూ తెంపుతుంటే వాడు నాన్న బొటనవేలు కరిచాడు, అమ్మ కెవ్వుమంటే నాన్న వేలు చీరుకుపోయినా నవ్వి, నేనైతే ఈపాటికి చెయ్యి మొత్తం నమిలేసేవాణ్ణి అన్నాడు, పుండు మానింది కానీ వాడు తినడే, పాలు పెట్టినా రొట్టె పెట్టినా అమ్మ ఎదురుగా నిలబడి బుజ్జగించినా దుంగల కిందికి దూరేవాడు, పెట్టినదానికి చీమలు పట్టేవి, మన ఇంటికి కొత్తల్లుడు దిగాడే, బతిమాలితే గానీ ముద్ద ముట్టడు అన్నాడు నాన్న, అమ్మ కూడా, అల్లుడుగారూ, ఇవాళైనా కరుణించండి అనేది, వాళ్ళు నవ్వుకున్నారు, నాకు నవ్వు రాలేదు, నాకు తెలుసు కాబట్టి, బళ్ళో అందరం వరసలో కూర్చుని తింటున్నప్పుడు ఎదురు వరసలో పిల్ల, ఎలుకలా కొరుక్కు తింటావేంటే అంది, అందరూ ఒక్కసారి నా నోటి వైపు చూశారు, ఆ ముద్ద మింగలేను, ఉమ్మలేను, బుగ్గలో పెట్టుకుని గంట కొట్టేదాకా కూర్చున్నాను, ఆ తర్వాత నుంచి మెట్ల కింద కూర్చుని తినేదాన్ని, ఇంట్లో గోడకి తిరిగి తింటాను, గోడకి తినిపిస్తున్నావా అని అమ్మ ఎన్నిసార్లు అందో, అందుకే ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది, వీడికీ చూపులు గుచ్చుకుంటాయి, గిన్నె పెట్టి, దానికి వీపు చేసి, పొట్టులో కూర్చుని పాఠం చదువుకున్నాను, పద్యం సగంలో ఉండగా వెనక నుంచి నాలుక చప్పుడు వినబడింది, గిన్నె నేల మీద కొద్దిగా జరిగింది, నాకు ఏడుపొచ్చినంత పనైంది, అయినా తిరగలేదు.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ అదే, నేను వీపు, వాడు గిన్నె, ఎవరితోనూ అనలేనివన్నీ గోడ వైపు చూస్తూ వాడితో చెప్పేదాన్ని, లెక్కల మాస్టారు లేచి చెప్పమంటే జవాబు తెలిసీ నోరు పెగల్లేదని, పెద్దత్త వచ్చి దీనికి నోట్లో నాలుక లేదు అంటే అమ్మ నవ్విందని, వాడు తినేసి వచ్చి నా నడుముకి ఆనుకుని కూలబడేవాడు, అంతదాకా నేను తల తిప్పేదాన్ని కాదు, తిప్పితే మానేస్తాడని, నీ చేతిదైతేనే తింటాడే అని అమ్మ అంటే పైకేమీ అనకుండా లోపల పొంగిపోయేదాన్ని, లోకం మొత్తంలో నేను తప్ప ఎవరూ చెయ్యలేని పని ఒకటుందని.

నర్సమ్మ ఇంకా నిలబడే ఉంది, అమ్మ ఊడ్చే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది, వచ్చీ రాగానే అల్లుడి మెడ మీది మచ్చ చూసి, వీడి మెడకి నేనేమీ కట్టను, వెంట వస్తే వస్తాడు అంది, ఆ మాటకే ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కష్టమైంది, వాళ్ళాయన ఆసుపత్రి గేటు దగ్గర నుంచి ఏరుకొచ్చిన కుక్క ఒకటి ఉండేదట, ఆయన పోయాక అది ఆయన కుర్చీ కింద పడుకుని తిండి మానేసింది, ఎంతమంది రోగులకో చెంచాతో పట్టించినదాన్ని, ఆ ఒక్క ప్రాణి చేత తినిపించలేకపోయాను, నా కళ్ళ ముందే ఎండిపోయింది, కుంటిదైనా గుడ్డిదైనా పరవాలేదు, తిననిది మాత్రం నాకొద్దమ్మా, ఇంకోసారి చూళ్ళేను అని అమ్మతో చెప్పింది, ఇప్పుడు వీడూ తినట్లేదు, మూతి కూడా లోపలికి పోయింది, ఆవిడ కాసేపు ఆ బస్తాల వైపే చూసి సంచి భుజానికి తగిలించుకుంది, వాడి తప్పేం లేదులే, నేను నచ్చలేదు అంది, సిస్టరమ్మా, ఇంకాసేపుండండి, అని అమ్మ మూట వదిలేసి లేచింది, వెళ్ళిపోనీ, ఆవిడ వెళ్తే వీడు నాతోనే ఉంటాడు, ఆదివారం దాకా ఉంటాడు, తర్వాత ఇంటావిడ మనసు మారొచ్చు, నాన్న మనసు మారొచ్చు, లేదా సంత, తట్టలూ కాళ్ళూ, వేల కాళ్ళు, ఏ మూల నక్కుతాడు, ఎవరు వీపు తిప్పి కూర్చుంటారు, నాకు నోట్లో నాలుక లేదుగా, ఆవిడ గుమ్మం దాటుతోంది, అలా కాదండీ, అన్నారెవరో, నేనే అన్నాను, అలా నిలబడకూడదు, వెనక్కి తిరిగి కూర్చోవాలి, చూడకూడదు, చూస్తే తినలేడు, ఎవరైనా చూస్తుంటే ముద్ద గొంతు దిగదు, అమ్మ నా వైపు తిరిగింది, నేనన్నది వాడి గురించి కాదన్నట్టు చూసింది, ఎన్నో ఏళ్ళుగా నేను తిరిగి తింటున్న గోడ తనకి ఇప్పుడే కనబడినట్టు చూసింది, నేను తల దించుకున్నాను.

నర్సమ్మ వెనక్కొచ్చి సంచి దించి, ఈ మోకాళ్ళతో కూర్చుంటే మళ్ళీ లేపాల్సింది నువ్వే, అంటూ గిన్నెకి వీపు చేసి కింద పడున్న చెక్క పలక మీద చతికిలబడింది, నేనూ అలవాటుగా నా గోడకి తిరిగి కూర్చున్నాను, అమ్మ ఊపిరి కూడా వినబడట్లేదు, బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు, పొట్టులో గోళ్ళ అలికిడి, ఆగింది, మళ్ళీ అలికిడి, తర్వాత ఆ చప్పుడు, నాలుకది, నాకు కంఠతా వచ్చిన చప్పుడు, తింటున్నాడు, ఆవిడ పెట్టింది తింటున్నాడు, నా చెయ్యి కాదన్నమాట, ఏ వీపైనా సరిపోతుందన్నమాట, మంచిదే కదా, ఇదే కదా కావాల్సింది, మరి కళ్ళలో నీళ్ళెందుకు, అంతలో నర్సమ్మ గుసగుసగా, నేను తిరిగేశానమ్మాయ్, ఆగలేకపోయాను అంది, అయిపోయింది, పారిపోతాడు, కానీ చప్పుడు ఆగలేదు, నేను చూస్తున్నా తింటున్నాడే, అంది ఆవిడ, ఎవరో నిలబడి తన్ని ఉంటారు, కింద కూర్చుంటే చాలు వీడికి, చూపులకేం భయం లేదు, అయినా నన్నెక్కడ చూస్తున్నాడు, ముద్ద ముద్దకీ తలెత్తి నీ వీపుకేసే చూస్తున్నాడు, ఇటు తిరగవే తల్లీ.

తిరిగాను, వాడు తింటున్నాడు, తింటుంటే చెవులు రెండూ వెనక్కి పోతాయని నాకు తెలీదు, ఎడమ దవడతోనే నములుతాడని తెలీదు, మింగినప్పుడు మెడ మీది మచ్చ ఒకసారి సాగి ముడుచుకుంటుంది, మీసం మీద మెతుకు ఉంది, తలెత్తి నన్ను చూశాడు, నా కళ్ళలోకే, నమలడం మానలేదు, నేను ఇటు తిరగడం వింతేమీ కానట్టు మళ్ళీ తల వంచాడు, ఇన్నాళ్ళూ తింటున్న ఈ మొహం నా వెనకే ఉంది, ఒక్కసారీ చూడలేదు, మొదటిసారి చూస్తున్నది ఇవాళ, గిన్నె అడుగు కనబడుతోంది, ఇంకో నాలుగు ముద్దలు, ఆ తర్వాత ఆవిడ లేస్తుంది, వాడు మెడకేమీ లేకుండా ఆవిడ వెనకే నడిచి వెళ్ళిపోతాడు, చూపులకి భయపడింది వాడు కాదు, నా భయాన్నే వాడికి అంటగట్టి రెండు పూటలా అన్నంతో పాటు పెట్టాను, పాపం వాడు కాదనకుండా తిన్నాడు, నా వీపుని చూస్తూ, నేను పద్యాలు చదువుతున్నా, ముక్కు చీదుకుంటున్నా, పెద్దత్తని తిట్టుకుంటున్నా చూస్తూ, అంటే ఇన్నాళ్ళూ నన్నొకరు కళ్ళారా చూస్తూనే ఉన్నారు, ఆ చూపు నాకు ఒక్కనాడూ గుచ్చుకోలేదు.