జమ్మి కింద తెల్ల దారాలు

నా జమ్మిని చంపినవాడు నా తమ్ముడు మొండయ్య.

ఇందులో పంచాయితీ లేదు.

మట్టి లోపల తెల్ల దారాలు... నూలు పోగుకన్నా సన్నం. తొలి వాన వాసన. వేలు తగిలితే తెగుతాయి.

మాది రఘునాథపల్లి చెలక. ఎర్రమట్టి. ఎండాకాలం ఇటుకలా బిగుసుకుంటుంది. అక్కడ తుమ్మ కూడా ఆలోచించుకుని మొలుస్తుంది.

ఆ చెలకలోకి సమ్మమ్మ జమ్మిని తెచ్చింది.

సమ్మమ్మ నా భార్య. డెబ్బై రెండు కరువు దాటిన ఏడు, స్టేషన్ ఘన్‌పూర్‌లోని పుట్టింటి నుంచి మొక్క తెచ్చింది. కొంగున మన్ను ముడేసుకుని వచ్చింది. అక్కడి ముసలి జమ్మి మొదలు దగ్గర తవ్విన మన్ను. తల్లి మన్ను లేనిదే పిల్ల జమ్మి నాటుకోదని వాళ్ల ఇంటి ఆనవాయితీ.

మొండయ్య నవ్వాడు.

"వదినే, పుట్టింటోళ్లు బంగారం పెడ్తరనుకుంటె మన్ను మూటగట్టిండ్రా?"

"జమ్మే బంగారం మరిదీ. దసరనాడు నా కాడికే ఉరికొస్తవు, సూడు."

సగం మన్ను గుంతలో పోసింది. మిగతాది గుడ్డలో కట్టి ఇంటి దూలానికి వేలాడదీసింది.

జమ్మి లేచింది.

దాని చుట్టూ జొన్న చిక్కగా పెరిగింది. దూరం పోయినకొద్దీ పలచన. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ప్రతి దసరాకూ మొండయ్య ఆ జమ్మి ఆకే తెచ్చి, ఆమె చేతిలో పెట్టి, కాళ్లు మొక్కాడు.

ఎనభై ఒకటిలో ఆమె పోయింది. జ్వరం. బండి దవాఖాన చేరలేదు.

జమ్మి నిలబడింది. ఆమె చేతిది మిగిలింది అదొక్కటే అనుకున్నాను.

ఆమె పోయాక ఒక ఎండాకాలం. నేను పల్లికాయ అమ్మడానికి ఘన్‌పూర్ పోయాను. చెట్టుకు బలమని చెరువు మట్టి వేయబోయి, మొండయ్య జమ్మి మొదలు తవ్వాడు.

వేర్ల నిండా తెల్ల దారాలు.

చెద అనుకున్నాడు.

చెదల మందు పోశాడు. అది చాలదని కిరసనాయిలు పోశాడు.

నేను వచ్చేసరికి చెలకంతా దీపం ఆర్పిన వాసన.

"చెద పట్టిందన్నా. జర ఆలస్యమైతె చెట్టే పోతుండె."

ఆకు రాలింది... కొమ్మ ఎండింది... వాన వచ్చింది. జమ్మి రాలేదు.

వేరు ముక్కను తడిగుడ్డలో చుట్టాను. దూలానికున్న మూట దించాను. రెండూ పట్టుకుని సుబేదారిలోని వ్యవసాయ ఆఫీసుకు పోయాను. సారంగపాణి సారు వేరును మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"ఇది చెద కాదు పెద్దయ్యా. బూజు లాంటి జీవం. కంటికి ఆనని దూరం నుంచి చెట్టుకు నీళ్లు మోస్తది. మీవోడు నీళ్లు మోసేటోళ్లను చంపిండు."

నేను చూశాను. నల్లగా మాడిన పోగులు. కదలిక లేదు.

తర్వాత సమ్మమ్మ మన్ను. చిటికెడు.

గుండ్రటి గింజలు. ఆవగింజ వాటి ముందు గుండు రాయి. తేనె రంగు. ఒకదాని పక్కన ఒకటి... ఊరు నిద్రపోయినట్టు.

"బతికున్నయా సారూ?"

"ఆ దారాల ఇత్తులే ఇవి. తడి తగిలితె కొన్ని లేస్తయేమో. చెప్పలేం."

ఇన్నేళ్లూ అవి నా నెత్తి మీద వేలాడాయి. వాటి కింద తిన్నాను. వాటి కింద పడుకున్నాను.

కిరసనాయిలు పడని మూలన గుంత తీశాను. కొత్త జమ్మి మొక్క పెట్టాను. మూట మొత్తం విప్పి పోశాను. దాచుకోవడానికి ఇక ఏమీ లేదు.

దసరా వచ్చింది. మొండయ్య వచ్చాడు. చేతిలో ఎవరిదో జమ్మి ఆకు.

"బంగారం తీస్కో అన్నా. ఇయ్యాల పగోడైనా తీస్కుంటడు."

చెయ్యి చాచే ఉంచాడు. నేను పిడికిలి విప్పలేదు.

"వదినె ఉంటె తీస్కుంటుండె."

"వదినె లేదు."

ఆకును గడప మీద పెట్టి పోయాడు. మేక తిన్నది.

మొక్క ఇంకా ఉంది. ఎండిపోలేదు. ఎదగలేదు. కింద తేనె రంగు గింజలు కళ్లు తెరిచాయో లేదో... తవ్వి చూడను. తవ్వి చూసినవాడు ఏం చేశాడో చూశాను.

మొండయ్య ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒకే గోడ. అటు దగ్గితే ఇటు వినబడుతుంది.

మట్టి లోపల తెల్ల దారాలు... ఉంటే ఉన్నాయి.

చంపినవాడు మొండయ్య అన్న మాట ఇక నా నోట రాదు.