ఆయాసం పట్టిన శ్రుతిపెట్టె

నేను ఒక శ్రుతిపెట్టెను. పాడేది నేను కాదు. పాడేవాళ్ల పక్కన ఒకే స్వరం పట్టుకుని కదలకుండా కూర్చునేదాన్ని. నన్ను మొండిదంటారు. ఆ మొండితనమే లేకపోతే మహామహా విద్వాంసులు కూడా దారి తప్పుతారు. చప్పట్లు వాళ్లకి, ఒళ్లునొప్పులు నాకు.

కాకినాడలో హార్మోనియాలు చేసే దస్తగిరి సాహెబు నన్ను టేకు చెక్కతో, తోలు తిత్తితో, ఇత్తడి నాలుకలతో తయారుచేశాడు. విజయనగరంలో పేరిందేవి టీచరుగారి ఒళ్లో పెరిగాను. ఆవిడ దగ్గరికొచ్చే పిల్లలు సరళీ స్వరాల్ని ఎన్ని రకాలుగా హింసించవచ్చో అన్ని రకాలుగానూ హింసించారు. నేను చలించలేదు. కానీ ఏళ్లు గడిచాక తిత్తి మడతలో చిన్న చీలిక పడింది. స్వరం పలుకుతూనే ఉంది, దాని వెనకే హుస్సుహుస్సుమని రొప్పు కూడా మొదలైంది. టీచరుగారు కరెంటు శ్రుతిపెట్టె కొనుక్కుని నన్ను అటక ఎక్కించారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం మనుషులకు కొత్త కాదు కదా!

నన్ను అటక దింపించింది సిగ్రున్. నార్వే నుంచి మన సంగీతం నేర్చుకుందామని వచ్చిన పొడవాటి మనిషి. టీచరుగారు సామాను సర్దిస్తుంటే నేను పక్కకి ఒరిగి ఒక మూలుగు మూలిగాను. ఆమె పరుగున వచ్చి నన్ను చెవి దగ్గర పెట్టుకుంది.

"అదెందుకే తల్లీ నీకు? దానికి ఆయాసం. శ్రుతి కంటే రొప్పే ఎక్కువ" అన్నారు టీచరుగారు.

"ఆ రొప్పే నాకు కావాలండీ" అంది సిగ్రున్ వచ్చీరాని తెలుగులో.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ మెచ్చుకున్నవాళ్లు లేరు, తీరా ఇప్పుడు జబ్బు చూసి ముచ్చటపడే మనిషి దొరికింది.

నన్ను వెంటబెట్టుకుని ఆమె దేశం చేరాకగానీ ఆమె పాట ఏమిటో నాకు తెలియలేదు. అందులో మాటలుండవు. నాలుకతో టకటకలు, గొంతులో గరగరలు, గాలి లోపలికి పీలుస్తూ తీసే రాగాలు. సాధన మొదలుపెడితే పక్కింటావిడ తలుపు తట్టి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. సిగ్రున్ రచ్చ గెలిచి వచ్చింది, ఇల్లే మిగిలిపోయింది. ఆమె పుట్టిన ఊరు సముద్రపు పాయ ఒడ్డున ఉంది. అక్కడ ఇనుము కరిగించే కార్ఖానా, చెక్క చర్చి, ఆ చర్చికో క్వయిర్, అంటే కలిసి పాడే బృందం, ఉన్నాయి.

ఆ క్వయిర్‌లో ఒకప్పుడు మంద్ర స్థాయికి పెట్టింది పేరు హాల్వర్. చిన్నప్పుడు సిగ్రున్‌కి మొదటి పాట నేర్పినవాడు. చర్చిలోని ఆర్గన్ వాద్యానికి గాలి నింపే తిత్తుల్ని బాగుచేసేదీ ఆయనే. కార్ఖానా పొగకి ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయి. నాలుగు మెట్లెక్కితే నాలాగే రొప్పుతాడు. ఆ చప్పుడు పదిమందిలో వినబడుతుందని సిగ్గుపడి క్వయిర్ మానేశాడు.

ఆయన్ని మళ్లీ ఆ వరసలో నిలబెట్టాలని సిగ్రున్ పంతం. అందుకే కొత్త కృతి రాసింది. అందులో హాల్వర్ వంతు స్వరం కాదు, ఊపిరే. మిగతావాళ్లు కూడా ఆయనతోపాటు రొప్పాలి. క్వయిర్ నడిపే గూన్వోర్ మాత్రం ససేమిరా అంది.

"మేం పాడేవాళ్లం. రొప్పడం మాకు రాదు, రానక్కర్లేదు కూడా."

చివరికి రాజీ కుదిరింది. ముందు నా చీలిక రొప్పుతుంది, దాన్ని ఆసరాగా పట్టుకుని హాల్వర్ అందుకుంటాడు, ఆ తర్వాత తక్కినవాళ్లు తమ స్వరాలు తాము పాడుకుంటారు.

సాధన కోసం సిగ్రున్ నన్ను హాల్వర్ ఇంట్లో పెట్టింది. ఆయన నన్ను తెరిచి మూసేవాడు. నేను రొప్పితే ఆయనా రొప్పేవాడు. నా కష్టం తెలిసిన మనిషి దొరికాడని మొదటిసారి అనిపించింది. కచేరీనాటి ఉదయం ఆయన పలచటి తోలుముక్క, జిగురు తెచ్చుకుని నా ముందు కూర్చున్నాడు.

"నా తిత్తుల్ని ఎవరూ బాగుచెయ్యలేరు. నీదైనా బాగుచేస్తానుండు" అన్నాడు.

వద్దనడానికి నాకు నోరేది? ఉన్న నోటికి ఒకటే స్వరం వచ్చు. అయినా అబద్ధమెందుకు, నిండుగా గాలి నిలిచేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం చర్చి వెనక గదిలో సిగ్రున్ నన్ను తెరిచింది. షడ్జమం స్వచ్ఛంగా మోగింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు హాల్వర్, ముఖం వెలిగిపోతూ.

"చాలా బాగుంది" అంది. "కానీ హాల్వర్, నువ్వు అందుకోవాల్సింది ఆ రొప్పునే" అంది. అక్కడ పెద్దవాళ్లని కూడా పేరుపెట్టి నువ్వనే అంటారు. విజయనగరంలో పెరిగినదాన్ని కదా, నాకింకా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆయన కూలబడ్డాడు. "అయితే మొదట్లో ఆ నిశ్శబ్దంలో నా రొప్పొక్కటే వినబడుతుంది. జనం జాలిపడతారు. నేను రాను."

సిగ్రున్ చాకు తీసింది. పొద్దుటి జిగురు ఇంకా వదలని ఆయన వేళ్లను చూసింది. చాకు మడిచేసింది.

"దీన్ని కొయ్యను. నువ్వు నిలబడతావు. అంతే."

గుమ్మంలో నిలబడ్డ గూన్వోర్ అంతా విన్నది.

చర్చి నిండిపోయింది. హాల్వర్ వచ్చి వరసలో నిలబడ్డాడు గానీ పెదవులు బిగించుకున్నాడు. సిగ్రున్ నన్ను ముట్టుకోలేదు. తనే ఊపిరి తీసి వదలడం మొదలుపెట్టింది. ఎంతసేపైనా హాల్వర్ నోరు తెరవలేదు. ఆమె కూడా ఆపలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు, ఎవరో నవ్వాపుకున్నారు.

అప్పుడు గూన్వోర్ నోరు తెరిచింది. కొండెక్కి వచ్చిన మనిషిలా మోటుగా, సిగ్గు లేకుండా రొప్పింది. ఏళ్ల తరబడి హాల్వర్ పక్కనే నిలబడి పాడిన మనిషి మరి, ఎలా ఊరుకుంటుంది? ఆమె వెనక ఒకరు, వాళ్ల వెనక ఇంకొకరు అందుకున్నారు. వరసంతా రొప్పింది. నేను హాల్వర్‌ని చూశాను. నోరు తెరిచి ఉంది, ఛాతీ ఎగిసిపడుతోంది. అంతమందిలో ఆయన రొప్పు ఏదో వెతికాను. ఆయనింట్లో ఉండి వచ్చిన నాకే దొరకలేదు.

సిగ్రున్ కళ్లు తుడుచుకుని నా మీద చెయ్యి వేసింది. స్వరం పట్టాను. మచ్చలేని స్వరమే. కానీ సంతోషించలేకపోయాను. ఆ సాయంత్రం ఆ చర్చిలో ఆయాసం లేనిదాన్ని నేనొక్కదాన్నే.